కీబోర్డు లాక్కోవద్దు

2009లో ఒక లినక్స్ డెస్క్‌టాప్‌ని తెలుగులోకి తెచ్చే పనిలో మేం పదిమందిమి ఉండేవాళ్ళం. ఎవరికీ జీతం లేదు. మెనూల్లో, బొత్తాల మీద, హెచ్చరికల్లో కనిపించే ఇంగ్లీషు మాటలకి వరస నంబర్లు వేసి పంచుకునేవాళ్ళం. కాలేజీలో తెలుగు చెప్పేదాన్ని కాబట్టి మిగతావాళ్ళ అనువాదాలు సరిచూసే పని నాకు పడింది. ఒక చిన్న ఊళ్ళో డిగ్రీ చదువుతున్న అమ్మాయి వెయ్యి మాటలు తన వంతుకి తీసుకుని, నాలుగు వందలు పూర్తిచేసి పంపింది. చాలావరకు బాగానే ఉన్నాయి. ఒకచోట మాత్రం, నడుస్తున్న పనిని మధ్యలో ఆపమని చెప్పే 'అబార్ట్' అన్న మాటకి, నిఘంటువు చూసి 'గర్భస్రావం చేయి' అని పెట్టింది.

అందరికీ చేరే మెయిల్లో నేను రాసిన జవాబు ఒకటే వాక్యం. "ఈ కంప్యూటర్ మనుషుల కోసమా, మంత్రసానుల కోసమా?"

అందరూ నవ్వారు. మర్నాడు ఇంకో ఇద్దరు ఆ హాస్యాన్ని పొడిగించారు. ఆ అమ్మాయి దగ్గర్నుంచి జవాబు రాలేదు. మిగిలిన ఆరు వందల మాటలూ రాలేదు. రెండు నెలల తర్వాత వాటిని నేనే రాత్రిళ్ళు కూర్చుని చేశాను. నాణ్యత విషయంలో రాజీ పడకూడదు కదా అనుకుంటూ చేశాను. చెప్పడానికి సిగ్గుగా ఉన్న సంగతి ఇంకోటుంది. అదే నెలలో క్లాసులో, ప్రసవానికి సంబంధించిన జ్ఞానాన్ని మంత్రసానుల చేతుల్లోంచి ఆధునిక వైద్యం ఎలా తీసేసుకుందో, ఆ క్రమంలో ఆ మాటే ఎలా ఎగతాళి మాట అయిందో పిల్లలకి గంటసేపు చెప్పాను. క్లాసు బయటికి రాగానే నాకు ఆ మాట తిట్టుగా అక్కరకొచ్చింది.

స్వేచ్ఛ పేరుతో ఏర్పడిన ఒక సమూహంలో కరుకుగా మాట్లాడడం నిజాయితీ అవుతుందా, పెత్తనం అవుతుందా? ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. ఆ ఒక్క వాక్యంలోంచి వచ్చింది.

లినక్స్ సంగతి తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. 1991లో లినస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి, కంప్యూటర్‌ని నడిపే మూల ప్రోగ్రాం ఒకటి రాసి, ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు, పంచుకోవచ్చు అని బయట పెట్టాడు. అంతకు ముందే, 1983 నుంచి రిచర్డ్ స్టాల్‌మన్ ఇటువంటి సాఫ్ట్‌వేర్ కోసం ఉద్యమం నడుపుతున్నాడు. ఇంగ్లీషులో 'ఫ్రీ' అన్న ఒక్క మాట వల్ల, ఇది ఊరికే దొరికేదా, స్వేచ్ఛ ఉన్నదా అని వాళ్ళు ఇప్పటికీ వివరణలు ఇచ్చుకుంటూనే ఉంటారు. మనకా ఇబ్బంది లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. మన దగ్గర ఈ ఉద్యమాన్ని నడిపే సంస్థ పేరే 'స్వేచ్ఛ'. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు ఓల్గా 1987లో రాసిన నవల గుర్తొస్తుంది. అందులో అరుణ వెతుక్కున్నదీ, కోడ్ రాసేవాళ్ళు కోరుకుంటున్నదీ ఒకటేనా అని ఆలోచనలో పడతాను.

పని జరిగే తీరు ఇది. ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళు చిన్న చిన్న మార్పులు రాసి పంపుతారు. వాటిని ప్యాచ్ అంటారు. మన అతుకే. ఒక్కో భాగానికి ఒక్కో మెయింటెయినర్ ఉంటాడు. అతుకు బాగుంటే కలుపుకుంటాడు, బాగోకపోతే తిప్పి పంపుతాడు. ఎందుకు బాగోలేదో అందరి ముందే చెప్తాడు. ఆ చెప్పడంలో బూతులు, తెలివితక్కువ దద్దమ్మలన్న తిట్లు ఎన్నో ఏళ్ళపాటు మామూలు విషయం. తట్టుకున్నవాళ్ళు ఉంటారు, తట్టుకోలేనివాళ్ళు పోతారు, అలా వడపోత జరగబట్టే లినక్స్ ఇంత గట్టిగా ఉంది అన్నది వాళ్ళ నమ్మకం. కొత్తకోడలికి అత్త చెప్పే మాట లాగే లేదూ? మేం పడలేదా, మాకేం అయింది?

2013 జూలైలో ఈ పద్ధతిని అందరి ముందూ ప్రశ్నించిన వ్యక్తి సేజ్ షార్ప్. యు.ఎస్.బి. 3.0 పరికరాలు లినక్స్‌లో పనిచేయడానికి కావలసిన డ్రైవర్ రాసినవారు. ఆనాడు అందరికీ స్త్రీగానే పరిచయం. తర్వాతి కాలంలో తాను స్త్రీ, పురుషుడు అన్న రెండు గడుల్లోనూ ఇమడనని చెప్పుకున్నారు. మనుషుల్ని తిట్టకుండా కోడ్ బాగోలేదని చెప్పొచ్చు కదా అని వారు అడిగితే, టోర్వాల్డ్స్ ఇచ్చిన జవాబు గుర్తుపెట్టుకోదగ్గది. నేను నా ఇంట్లో బాత్‌రోబ్ వేసుకుని కూర్చుని పనిచేస్తున్నాను, టై కట్టుకోమంటే ఎలా కట్టుకోనో అలాగే దొంగ మర్యాదలు కూడా పాటించను అన్నాడు. ఆఫీసు మర్యాద అంటే అబద్ధాలు, వెన్నుపోట్లు, లోపల ఒకటి పెట్టుకుని బయటికి ఇంకోటి మాట్లాడడం, అవి నాకు చేతకావు అన్నాడు.

ఈ జవాబుని కొట్టిపారెయ్యడం తేలికే. ఇంట్లో బాత్‌రోబ్‌తో కూర్చుని, తనకి తోచినట్టు మాట్లాడి, అయినా ప్రపంచమంతా తన మాట కోసం ఎదురుచూసే స్థితి ఎంతమందికి ఉంటుందని ఒక్క ప్రశ్న వేస్తే చాలు. కానీ నాకది అంత తేలిగ్గా పోలేదు. ఎందుకంటే ఆ మాటలు నాకు పరిచయమైనవి. మనవే. ఆడపిల్లవి, నెమ్మదిగా మాట్లాడు అన్నప్పుడల్లా మనం ఇచ్చుకున్న జవాబు ఇదే కదా. 1990ల మొదట్లో స్త్రీవాద కవిత్వం మీద అశ్లీలమన్న ముద్ర వేసినప్పుడు, సంస్కారం నేర్చుకోమని పెద్దలు పాఠాలు చెప్పినప్పుడు, మీ మర్యాద మాకు అక్కర్లేదు, అది మమ్మల్ని నోరు మూయించడానికి పుట్టింది అన్నాం. కోపాన్ని మన భాషగా చేసుకున్నాం. నేను రాయడం నేర్చుకున్నదే ఆ కోపం నుంచి. అలాంటి నేను ఇప్పుడు ఇంకోచోట స్త్రీలు సభ్యత కోరుతుంటే వాళ్ళ పక్కన ఎలా నిలబడను? నిలబడితే నిన్నటి పెద్దల పాఠమే కదా నేనూ చెప్తున్నట్టు?

చాలాకాలం ఒక తేలిక సమాధానంతో సరిపెట్టుకున్నాను. మన కోపం పైకి పోయేది, టోర్వాల్డ్స్ కోపం కిందకి దిగేది, అంతే తేడా అని. నిజమే, తేడా ఉంది. అధికారి ముందు పెంచిన గొంతూ, పనిమనిషి మీద పెంచిన గొంతూ ఒకటి కావు. కానీ పైనెవరున్నారో, కిందెవరున్నారో కోపంలో ఉన్నవాళ్ళకి ఎప్పుడూ సరిగ్గా తెలియదు. టోర్వాల్డ్స్ దృష్టిలో అతను పెద్ద కంపెనీల ఇంజనీర్లతో, వాళ్ళు తోసుకొచ్చే చెత్త కోడ్‌తో పోరాడుతున్నాడు. అంటే తన లెక్కలో పైకే కొడుతున్నాడు. నేనూ అంతే. ఇంగ్లీషు ముందు తెలుగు పలచబడిపోతోందన్న బాధతో భాషని కాపాడుతున్నాననుకున్నాను. నా ఎదురుగా ఉన్నది ఇంగ్లీషు సామ్రాజ్యం కాదు, ఒక పాత నిఘంటువు చేత్తో పట్టుకున్న డిగ్రీ పిల్ల అని నాకు తట్టలేదు.

ఇక్కడ జో ఫ్రీమన్ పనికొస్తుంది. అమెరికా స్త్రీవాద బృందాల గురించి ఆమె 1970లో చేసిన ప్రసంగం, నిర్మాణం లేకపోవడమన్న నియంతృత్వం గురించి. మాకు నాయకులు లేరు, నియమాలు లేవు, అందరం సమానం అని చెప్పుకునే బృందాల్లో నాయకత్వం, నియమాలు లేకుండా పోవు, రాయకుండా ఉండిపోతాయి, అంతే. రాయని నియమాలు తెలిసినవాళ్ళు రాజ్యం చేస్తారు, తెలియనివాళ్ళు తమలోనే ఏదో లోపం ఉందనుకుని తప్పుకుంటారు అని ఆమె వాదన. మన బృందాల్లో ఆ అనుభవం లేదనగలమా? దళిత స్త్రీలు 'మీ మనం లో మేం లేం' అన్నప్పుడు మనలో చాలామందిమి మొదట నొచ్చుకున్నాం, మేం ఎవర్నీ రావద్దనలేదే అన్నాం. లినక్స్ వాళ్ళు అన్నదీ అదే. తలుపు తెరిచే ఉంది, ఎవర్నీ ఆపలేదు. 2006లో యూరోపియన్ యూనియన్ డబ్బుతో జరిగిన ఒక సర్వేలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళలో స్త్రీలు నూటికి ఒకటిన్నర మంది అని తేలింది. మామూలు కంపెనీల సాఫ్ట్‌వేర్లో 28 మంది. తాళం వేసిన ఇంట్లో 28 మంది, తలుపులు తీసిన ఇంట్లో ఒకటిన్నర.

అదే 2006లో గ్నోమ్ ప్రాజెక్టుకి వేసవి శిక్షణ కోసం 181 మంది దరఖాస్తు పెట్టుకున్నారు. ఒక్క స్త్రీ లేదు. హన్నా వాలక్, క్రిస్ బాల్ కలిసి, ముగ్గురు స్త్రీలకి సరిపడా డబ్బు సంపాదించి, ఇది స్త్రీల కోసమని వేరుగా ప్రకటించారు. వంద దరఖాస్తులొచ్చాయి. చివరికి ఆరుగురిని తీసుకున్నారు. ఆ వందమందీ అంతకు ముందు రోజు ఎక్కడున్నారు? అక్కడే ఉన్నారు. తమని పిలుస్తున్నారని వాళ్ళకి తెలియలేదు. డబ్బు సంగతి కూడా చిన్నది కాదు. ఊరికే పనిచేయడానికి తీరిక కావాలి. వంటయ్యాక, అంట్లు తోమాక, పిల్లలు పడుకున్నాక మిగిలే గంటలో అంతర్జాతీయ ఖ్యాతి సంపాదించుకోమంటే ఎవరి వల్ల అవుతుంది? ఆ విత్తనం నుంచే తర్వాత 'అవుట్‌రీచీ' అనే కార్యక్రమం పెరిగింది. దాన్ని నడిపినవాళ్ళలో సేజ్ షార్ప్ ఒకరు.

ఇక మెరిట్. ఇక్కడ కులం లేదు, లింగం లేదు, కోడ్ ఒక్కటే మాట్లాడుతుంది అంటారు. 1990లో మండల్ గొడవలప్పుడు ప్రతిభ అన్న మాటని రోడ్ల మీద ఎవరు ఎలా వాడారో చూసినవాళ్ళం, అందులో అమ్మాయిలు కూడా ఉన్నారని చూసినవాళ్ళం, ఆ మాట వింటే మనకి చెవులు నిక్కబొడుచుకోవాలి. 'మెరిటోక్రసీ' అన్న మాటకి ప్రచారం తెచ్చిన మైకేల్ యంగ్ 1958లో దాన్ని వెక్కిరింతగా రాశాడు. చదివినవాళ్ళు ఆదర్శమనుకున్నారు. 2017లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం గిట్‌హబ్‌లో లక్షలాది మార్పుల్ని పరిశీలించింది. స్త్రీలు పంపినవి నూటికి 78కి పైగా, పురుషులవి 74కి పైగా ఆమోదం పొందాయి. బాగానే ఉంది కదా? కానీ ఆ ప్రాజెక్టుకి కొత్తవాళ్ళయి, చూడగానే స్త్రీ అని తెలిసిపోయే సందర్భాల్లో ఆమోదం పడిపోయింది. పేరు చూసి తెలియనప్పుడు స్త్రీల కోడ్ బాగానే మాట్లాడింది. పేరు తెలిశాక దాని గొంతు తగ్గింది.

రాయని నియమాలకి విరుగుడు రాయడమే అని లినక్స్ స్త్రీలు చాలా ముందే పట్టుకున్నారు. 1990ల చివర్లో డెబ్ రిచర్డ్‌సన్ మొదలుపెట్టిన 'లినక్స్‌చిక్స్'కి రెండే నియమాలు. మర్యాదగా ఉండు, సాయపడు. 2002లో వాల్ హెన్సన్, తర్వాత వలేరీ అరోరాగా పేరు మార్చుకున్న కెర్నెల్ ప్రోగ్రామర్, లినక్స్‌లోకి స్త్రీలని ఎలా ప్రోత్సహించాలో ఒక కరదీపిక రాసింది. అందులో చేయకూడని పనుల్లో ఒకటి, నేర్చుకుంటున్న స్త్రీ చేతిలోంచి కీబోర్డు లాక్కోవద్దు అని. ఎంత చిన్న విషయం! కానీ మగవాళ్ళ పక్కన కూర్చుని కంప్యూటర్ నేర్చుకున్న ప్రతి ఆడమనిషికీ ఆ చెయ్యి తెలుసు. కోపం లేదు, తిట్టు లేదు, సాయం చేస్తున్నానన్న ముఖంతో 'ఉండు, నేను చేసిస్తా' అంటూ వచ్చే చెయ్యి. ఆ పుస్తకంలో మిగతా సలహాలు కొన్ని నాకు నచ్చవు. స్త్రీలు ఇలా ఉంటారు, అలా ఉంటారు అని కాస్త గంపగుత్తగా చెప్తుంది. ఈ ఒక్క వాక్యం మాత్రం మర్చిపోలేను. లాక్కోవడానికి కరుకుదనం అక్కర్లేదని చెప్పింది కాబట్టి.

డెబియన్ అనే ప్రాజెక్టు కథ ఇంకోరకం. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టాడు. స్నేహితురాలు డెబ్రా పేరూ తన పేరూ కలిపి డెబియన్ అన్నాడు. పేరులో స్త్రీ ముందుంది. 2004లో 'డెబియన్ విమెన్' మొదలయ్యే నాటికి, వందలమంది అధికారిక డెవలపర్లలో స్త్రీలని ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఈ ప్రాజెక్టు నియమాలకి భయపడేది కాదు. 1997లో సామాజిక ఒప్పందం రాసుకుంది, 1998లో రాజ్యాంగం రాసుకుంది. ఓట్లు ఎలా లెక్కపెట్టాలో అందులో ఎంత వివరంగా ఉంటుందంటే, మన ఎన్నికల సంఘం చదువుకోవచ్చు. అలాంటివాళ్ళు ఒకరితో ఒకరు ఎలా మెలగాలన్నదాన్ని మొత్తం ప్రాజెక్టుకి వర్తించేలా ఓటు వేసి రాసుకుంది మాత్రం 2014లో. రాజ్యాంగం వచ్చిన పదహారేళ్ళకి. ఓటు రాజకీయం, మెలగడం ఇంటి విషయం. ఈ విభజన మనకి కొత్తదేం కాదు.

కెర్నెల్ వాళ్ళకి ఇంకా ఆలస్యమైంది. 2015లో ఒక నియమావళి పెట్టారు, సంఘర్షణ నియమావళి అని పేరు. మీ కోడ్‌ని విమర్శిస్తారు, దానికి సిద్ధపడండి, మరీ బాధనిపిస్తే ఫలానా వాళ్ళకి చెప్పుకోండి అన్నది దాని సారాంశం. ఆ ఏడాది అక్టోబర్‌లోనే సేజ్ షార్ప్ కెర్నెల్ పని మానేసినట్టు ప్రకటించారు. 2018 సెప్టెంబర్ 16న టోర్వాల్డ్స్ క్షమాపణ రాశాడు. తన మెయిళ్ళలో మనుషుల మీద చేసిన దాడులు అనవసరమైనవని, ఎదుటివాళ్ళ మనసు అర్థం చేసుకోవడం తనకి చేతకాదని, కొన్నాళ్ళు పక్కకి తప్పుకుని సాయం తీసుకుంటానని అన్నాడు. అప్పుడే కొత్త ప్రవర్తనా నియమావళి వచ్చింది. కొరలైన్ అడా ఎమ్‌కే రాసిన నమూనా దానికి ఆధారం. అక్టోబర్‌లో అతను తిరిగొచ్చాడు. లినక్స్ కూలిపోలేదు.

ఇక్కడితో ఆపేస్తే కథ బాగుంటుంది. మర్యాద గెలిచింది, అందరూ ఇళ్ళకి వెళ్ళొచ్చు. కానీ 2024లో జరిగిన ఒక సంగతి ఈ ముగింపుని చెడగొట్టింది.

ఎక్స్‌జెడ్ అని ఒక చిన్న ప్రోగ్రాం ఉంది. ఫైళ్ళని కుదించడానికి వాడతారు. దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది. లాస్సె కొలిన్ అనే మనిషి ఏళ్ళ తరబడి జీతం లేకుండా, దాదాపు ఒక్కడే దాన్ని చూసుకుంటున్నాడు. 2022లో కొత్త పేర్లతో కొందరు అతన్ని సాధించడం మొదలుపెట్టారు. పని నత్తనడక నడుస్తోంది, ఆసక్తి లేకపోతే వేరేవాళ్ళకి అప్పజెప్పు అని. తనకి చాలాకాలంగా మానసిక ఆరోగ్యం బాగోలేదని, ఇది తీరిక వేళల్లో ఊరికే చేస్తున్న పని అని అతను అందరి ముందే రాశాడు. ఆ సమయంలోనే జియా టాన్ అన్న పేరుతో ఒక మనిషి ఎంతో ఓపికగా, మర్యాదగా సాయపడుతున్నాడు. మెల్లగా బాధ్యత ఆ పేరు చేతికి వెళ్ళింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త వెర్షన్లో, లక్షల కంప్యూటర్లలోకి దొంగతనంగా దూరడానికి వీలయ్యే దొడ్డిదారి ఒకటి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్, డెబియన్ ప్రయోగ వెర్షన్ మీద పని చేసుకుంటూ, లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటి అని వెతకబట్టి మార్చి 29న అది బయటపడింది. జియా టాన్ పేరు వెనక ఎవరున్నారో బయటపడలేదు. సాధించిన ఆ కొత్త పేర్లూ ఆ పథకంలో భాగమేనని చాలామంది అభిప్రాయం.

నేనీ వృత్తాంతం చదివి రెండు రోజులు వేరే పని చేయలేకపోయాను. ఒకవైపు కరుకు మాట, ఒకవైపు మెత్తటి మాట, రెండూ కలిసి ఒకే మనిషి చేతిలోంచి కీబోర్డు లాక్కున్నాయి. దొంగ మర్యాద గురించి టోర్వాల్డ్స్ భయం నిజమని తేలింది. అయితే కరుకుదనం కూడా అంతే దొంగది కావచ్చని దానితోపాటే తేలింది. ఆ సాధింపు మెయిళ్ళు ఎవరికీ అనుమానం కలిగించకపోవడానికి కారణం, అవి ఆ లోకంలో రోజూ కనిపించే మెయిళ్ళలాగే ఉండడం. తిట్టడం అలవాటైన ఊళ్ళో దొంగ తిట్టుకుంటూ వస్తే ఎవరు పట్టించుకుంటారు?

ఇంతకాలం నేను ప్రశ్ననే తప్పుగా వేసుకున్నానని అప్పుడనిపించింది. మెత్తగానా, కరుకుగానా అని మాట తీరు గురించి పదేళ్ళు తర్కించుకున్నాను. లాస్సె కొలిన్ ఒంట్లో బాగోలేదని అందరి ముందూ చెప్పుకున్నప్పుడు, ఆ ప్రోగ్రాం మీద ఆధారపడిన కోట్ల రూపాయల కంపెనీల్లోంచి ఒక్కరు వచ్చి, సగం పని నాకివ్వు అనలేదు. అన్నది జియా టాన్ ఒక్కడే. నైతికంగా నన్ను ఇబ్బంది పెట్టేది ఇదే. ఆ మనిషికి దొరికిన ఒకే ఒక్క తోడు మోసం. ఇంట్లో అత్తగారు మంచిగా మాట్లాడుతుందా, కసురుతుందా అన్నది ముఖ్యమే. కానీ పొయ్యి దగ్గర నిలబడ్డది ఎప్పుడూ ఒక్కరే అయితే, ఎంత మంచిగా మాట్లాడి ఏం లాభం? ప్రవర్తనా నియమావళి రాయాలి, రాయొద్దనను. అది కనీసం పడే దెబ్బని ఆపుతుంది. పనిని పంచదు.

పని పంచడం, అంతకన్నా ముందు పనిని పనిగా గుర్తించడం ఎలా ఉంటుందో డెబియన్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. దాన్ని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. కోడ్‌ని ప్యాకేజీ చేసి ఎక్కించేవాళ్ళే అక్కడ సభ్యులుగా చెలామణీ అయ్యేవారు. అనువాదకులు, వివరణ పుస్తకాలు రాసేవాళ్ళు, బొమ్మలు వేసేవాళ్ళు, సభలు ఏర్పాటు చేసేవాళ్ళు ఎన్నేళ్ళు పనిచేసినా చాలావరకు సాయం చేసినవాళ్ళుగా మిగిలిపోయేవారు. 2010లో ప్రాజెక్టు ఓటింగు పెట్టుకుని, ప్యాకేజీలు చేయనివాళ్ళని కూడా పూర్తి సభ్యులుగా, ఓటుతో సహా ఆహ్వానించాలని తీర్మానించింది. నా దృష్టిలో నియమావళులన్నిటి కంటే పెద్ద సంస్కారం ఇది. వంట చేసినవాళ్ళని పెళ్ళికి పెద్దల్లో కలపడం లాంటిది. పదేళ్ళ తర్వాత, 2020లో, ఒకప్పుడు లైబ్రేరియన్‌గా పనిచేసిన భారతీయ స్త్రీ శ్రుతి చంద్రన్ ఆ ప్రాజెక్టు నాయకత్వానికి పోటీ చేసింది. అక్కడ వైవిధ్యం లేకపోవడాన్ని చర్చకు పెట్టడమే తన ఉద్దేశమని దాచుకోకుండా చెప్పింది. ఆ ఏడు గెలవలేదు. 2023 సెప్టెంబర్‌లో డెబియన్ వార్షిక సభ కొచ్చిలో జరిగింది.

ఎక్కువ మురిసిపోనక్కర్లేదు. 2017లో గిట్‌హబ్ చేయించిన సర్వేలో స్త్రీలు నూటికి ముగ్గురు. పదకొండేళ్ళలో ఒకటిన్నర నుంచి మూడు.

నా సంగతి కూడా చెప్పి ముగిస్తాను. 2018లో టోర్వాల్డ్స్ క్షమాపణ చదివిన రోజు, ఆ అమ్మాయి పాత మెయిల్ అడ్రస్ వెతికి ఉత్తరం రాశాను. ఎన్ని వాక్యాలు రాసి కొట్టేశానో. నన్ను నేను తిట్టుకునే వాక్యాలు మరీ ఎక్కువయ్యాయని, అందులో కూడా నా గురించే చెప్పుకుంటున్నానని తోచి, చివరికి నాలుగు లైన్లు మిగిల్చాను. ఆ రోజు అందరి ముందు అలా అనడం తప్పు, మీరు చేసిన నాలుగు వందల మాటలు ఇప్పటికీ వాడుతున్నాం, వాటికి మీ పేరు ఉంది, నా మాట వల్ల మీరు మానేశారని నాకు తెలుసు, క్షమించండి అని.

మూడు వారాలకి జవాబొచ్చింది.

"నమస్తే మేడమ్. ఆ మెయిల్ చదివాను, బాధేసింది. రెండు రోజులు అన్నం సయించలేదు. కానీ మానేసింది అందుకు కాదు మేడమ్. ఆ నెలలోనే నాకు పెళ్ళి కుదిరింది. అత్తగారింట్లో కంప్యూటర్ లేదు. మిగతావి పూర్తిచేయలేనని చెప్దామనుకున్నా, చెప్తే ఇంకా ఏమంటారోనని ఊరుకున్నా. ఇప్పుడు బాబు స్కూలుకి వెళ్తున్నాడు, మధ్యాహ్నాలు ఖాళీ. ఇంతకీ ఆ మాటకి చివరికి ఏం పెట్టారు?"

నాలుగు వందల మాటలు చేసిన మనిషి హఠాత్తుగా ఎందుకు రావడం లేదని మా పదిమందిలో ఒక్కరం కూడా అడగలేదు. నేను అడగకపోవడానికి, కారణం నాకు తెలుసన్న ధీమా. తప్పు నాదేనని ఒప్పుకుంటున్నాను కదా అన్న తృప్తి కూడా అందులో ఉంది. అందువల్ల ఆ అమ్మాయి జీవితంలో నా మాట కాక ఇంకేమైనా జరిగి ఉండొచ్చన్న ఆలోచనే రాలేదు.

'ఆపివేయి' అని పెట్టామని రాశాను. ఆ సాయంత్రమే మళ్ళీ మెయిలొచ్చింది.

"'స్టాప్'కి కూడా అదే ఉంది కదా మేడమ్. రెండు బొత్తాలూ పక్కపక్కన వస్తే తేడా ఎలా తెలుస్తుంది?"

ఫైలు తెరిచి చూశాను. నిజమే. రెండూ ఒకటే పెట్టాను. తొమ్మిదేళ్ళుగా ఎవరూ చూడలేదు. ఆ ఫైలు సరిచూసే అధికారం ఆమెకి కూడా ఇవ్వడం ఎలాగో మర్నాడు మావాళ్ళని అడిగి కనుక్కున్నాను.